సూత్రధారి ఆన్‌లైన్‌లో ఉన్నాడు

"నా మనసెందుకో కీడు శంకిస్తోందండీ. ఆ పిల్ల గొంతు విని రెండ్రోజులైంది" అంది సుబ్బరత్నం, చీర మడత పెడుతూ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. 2004 వేసవి, శుక్రవారం మధ్యాహ్నం. బెంజ్ సర్కిల్ దగ్గర మొదటి అంతస్తులో మంగళగిరి చీరల షోరూం. కౌంటర్ వెనక కూర్చున్న రామకోటేశ్వరరావు తల ఎత్తలేదు.

"మీ మనసు ఎప్పుడూ కీడే శంకిస్తుంది గదా సుబ్బరత్నం గారూ. ఒక్కసారన్నా మేలు శంకించమనండి దాన్ని."

బజారులో పోయేవాళ్ళకి అది చీరల షాపు. లోపల ట్రయల్ రూం అద్దాన్ని పక్కకి తోస్తే ఇంకో గది వస్తుంది. అందులో వైర్‌లెస్ సెట్లు, కంప్యూటరు, గోడ నిండా డెల్టా మ్యాపు. ప్రభుత్వం ఏ కాగితం మీదా ఒప్పుకోని ఒక శాఖకి అది కృష్ణా జిల్లా యూనిట్. రామకోటేశ్వరరావు దానికి చీఫ్. సుబ్బరత్నం ఫీల్డ్ ఏజెంట్. చదివింది పదో తరగతీ, టైపు లోయరూ. ఇద్దరు పిల్లల తల్లి. పదిహేనేళ్ళుగా చీరలు చూపిస్తూనే మనుషుల్ని చూస్తోంది.

లోపలి గదిలోంచి పవన్‌కుమార్ టీ గ్లాసుతో బయటికొచ్చాడు. శాఖకి టెక్నికల్ ఆఫీసరు. ఇంకా పాతికేళ్ళు లేవు.

"ఆదివారం ఆటకి వస్తుంది పిన్నిగారూ. రాకపోతే అప్పుడు భయపడదాం."

"అప్పటికి వేళ మించిపోతేనో? ఎవరన్నా అటుకేసి వెళ్ళి, ఆ పిల్ల క్షేమంగా ఉందో లేదో ఒక్క చూపు చూసొస్తే నా గుండె కుదుటపడుతుంది నాయనా."

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు" అన్నాడు చీఫ్. "అది ఆర్డర్."

పవన్ టీ తాగి గ్లాసు కడిగి పెట్టాడు.

ఆ పిల్ల పేరు సింధూరి. లోకల్ కేబుల్ టీవీలో పండగలకి ముస్తాబై కనిపించే యాంకర్. ఆ కళ్ళు చూసి ఊళ్ళో సగం మంది కుర్రాళ్ళు కేబుల్ బిల్లు వేళకి కట్టేవాళ్ళు. ఆరు నెలల క్రితం ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ తన ప్రకటనల కోసం ఆమెని పిలిచింది. కంపెనీ నడిపేవాణ్ణి అందరూ కెప్టెన్ అంటారు. తెలుగు మనలాగే మాట్లాడతాడు. పుట్టింది మాత్రం సముద్రానికి అవతల. రొయ్యల మాటున వాడు తెప్పిస్తున్నది వేరే సరుకని శాఖకి అనుమానం. సింధూరి వాడికి దగ్గరైంది. శాఖ గుట్టు తెచ్చి ఇస్తానని వాడికి మాటిచ్చింది. నిజానికి వాడి గుట్టు శాఖకి అందిస్తోంది. డబుల్ ఏజెంట్. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, కత్తి అంచు మీద నడక.

చీరల కోసమన్నట్టు ఆమె షోరూంకి ఫోన్ చేసినా కెప్టెన్ వింటాడు. ఉత్తరాలు చూస్తాడు. ఒక్క సరదా మాత్రం వదిలేశాడు. అది ఆదివారం సాయంత్రం ఆట.

ఆ ఆట పవన్‌ది. ఈ ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఆడుతున్నాడు. నెట్‌లో ఒక చాట్ రూం. నలుగురు చేరతారు. ఒకడు కథ చెబుతాడు, వాడు సూత్రధారి. మిగిలినవాళ్ళు ఒక్కో వేషం కడతారు. ఒకడు మల్లుడు, ఒకతె వైద్యురాలు, ఒకతె దొంగ. సూత్రధారి "ఇదిగో గుహ, లోపల చీకటి, ఏం చేస్తారు?" అంటాడు. వాళ్ళు ఏం చేస్తారో చెబుతారు. ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక, డైస్, తేలుస్తుంది. అంతే. ఎవరి మొహం ఎవరికీ తెలియదు, అసలు పేర్లు కూడా అక్కర్లేదు. సింధూరి అందులో 'నీల' అనే దొంగ. కెప్టెన్ పక్కన కూర్చుని చదివినా అది పిల్లకాయల రాక్షసుల కథే. నీల ఏ దారిన వెళ్ళింది, ఏ తలుపు ముట్టుకుంది అన్నదాన్ని బట్టి పవన్ రిపోర్టు రాసుకునేవాడు.

ఆదివారం పొద్దున పవన్ చచ్చిపోయాడు.

బందరు రోడ్డు మీద, ఎదురుగా ఇంకే బండీ లేని చోట, లారీ గుద్దింది. అదే సమయానికి అతను అద్దెకుండే గది తాళం పగిలింది. కంప్యూటరు పోయింది.

ట్రయల్ రూం వెనక గదిలో బ్రీఫింగ్. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. సుబ్బరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన అష్ఫాక్, యూనిట్‌లో బాంబుల పని తెలిసినవాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"యాక్సిడెంట్ కాదు" అన్నాడు చీఫ్. "కెప్టెన్ శాటిలైట్ ఫోను వాడుతున్నాడు. నెట్ కూడా దాని మీదే. ఇందాక వాడి మాట కొంచెం చిక్కింది. వాడు ఉన్న చోటు చిక్కలేదు."

టేప్ నొక్కాడు. గరగరలోంచి మెత్తటి గొంతు.

"పోయినవాడే ఆ ఆట నడిపేవాడైతే నాలుగింటికి ఆట ఉండదు. ఉండకపోతే అమ్మాయి సంగతి నేను చూస్తాను. ఉంటే, మనం వేరేవాణ్ణి చంపినట్టు. పెట్టె మాత్రం ఈ సాయంత్రమే హౌరా బండి ఎక్కుతుంది. కదిలిన కాసేపటికి పని అయిపోతుంది."

టేప్ ఆగింది.

"హౌరా బండికి రొయ్యల పెట్టెలు వందల్లో ఎక్కుతాయి" అన్నాడు అష్ఫాక్. "ఏ పెట్టెని చూస్తాం? ఒక్కదాని మూత తీసినా అక్కడ కాపలా ఉన్న వాళ్ళ మనిషి ఫోన్ కొడతాడు."

"ఏ పెట్టో సింధూరికి తెలుసు. ఆమె ఎక్కడుందో మనకి తెలియదు." చీఫ్ కళ్ళజోడు తీశాడు. "ఇంకో మాట. పవన్ సంగతి కెప్టెన్‌కి ఎవరు చెప్పారు? ఆవిడే చెప్పి ఉంటే?"

"ఆ మాట అనకండి" అంది సుబ్బరత్నం.

"అనాలి గదండీ. నా ఉద్యోగం అది."

"ఏ తల్లి కన్న బిడ్డో, వాడి పక్కన ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటుంది. నాలుగింటికి ఆట లేకపోతే ఆ పిల్ల ఉండదు. ముందు అది చూడండి."

చీఫ్ ఆమె వైపు తిరిగాడు. "ఆట ఉంటుంది. మీరు నడుపుతారు."

సుబ్బరత్నానికి అర్థం కావడానికి కాస్త పట్టింది. "నేనా? నాకు ఆ రాక్షసులూ మంత్రాలూ ఏం తెలుసండీ?"

"పాస్‌వర్డ్ నా దగ్గరుంది. పాత కథ ఏమీ లేదు, అంతా ఆ కంప్యూటర్లోనే పోయింది, దాని తాళం వాళ్ళు ఇవాళే తియ్యలేరు. పవన్ భోజనాల వేళ ఆట కబుర్లు చెప్పింది మీ ఒక్కరికే. వాడు అనేవాడు గదా, సూత్రధారి పనల్లా అడుగు వేస్తే ఏం చెడు జరగొచ్చో చెప్పడమే అని." చీఫ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అది ఈ జిల్లాలో మీ అంత బాగా ఎవరికీ తెలియదు."

ఇంకెప్పుడన్నా అయితే అందరూ నవ్వేవాళ్ళు.

షోరూం ఫోను లైను వాడకూడదన్నాడు చీఫ్. పవన్ గదిదాకా వచ్చినవాళ్ళు ఇక్కడిదాకా రాలేరని నమ్మకం లేదు. నాలుగు సందుల అవతల ఒక నెట్ సెంటర్. హైదరాబాదులో చదివే కూతురితో చాటింగ్ చెయ్యడానికి వచ్చిన తల్లిగా వెళ్ళాలి. ఆ వేషానికి సుబ్బరత్నం పెద్దగా ముస్తాబు కావలసిన పని లేకపోయింది. ఎడమ చెవి దుద్దులో రిసీవరు. నల్లపూసల గొలుసులో మైకు.

సెంటర్ నడిపే శౌరమ్మ ప్లైవుడ్ క్యాబిన్ తలుపు తీసి చూపించింది. "హెడ్‌ఫోన్ కావాలాండీ?"

"వద్దమ్మా. టైపు చేసుకుంటాను."

"పిల్ల బాగా చదువుతోందా?"

"దాని సంగతే దిగులమ్మా" అంది సుబ్బరత్నం. ఆ మాటలో అబద్ధం ఎంత తక్కువో ఆమెకే తెలుసు.

తలుపు వేసుకుంది. దుద్దులో చీఫ్ గొంతు గుసగుసలాడింది. "ఫాల్ కుట్టడం అయిందా?" లైను భద్రంగా ఉందా అని దానర్థం.

"అయిందండీ. ఇస్త్రీ ఒక్కటే మిగిలింది."

పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ఒక పచ్చ చుక్క వెలిగింది. సూత్రధారి ఆన్‌లైన్‌లో ఉన్నాడు.

పొద్దున్నే దుప్పటి కప్పి వచ్చిన కుర్రాడి చుక్క అక్కడ నిక్షేపంలా వెలుగుతోంది.

వసీం: గురూ వచ్చేశాడు. ఈ వారం ఎవర్ని చంపుతున్నావు?

ఈ వసీం బందరులో రోల్డుగోల్డు నగల కొట్టు చూసుకుంటాడు. ఆటలో మల్లుడు. పవన్ ఎవరో, శాఖ ఏమిటో అతనికి ఏమీ తెలియదు.

అఫ్సా: వాడి మాట వినకు అన్నా. పోయిన వారం నా మందుల సంచీ మంటల్లో పడేశావు. అది ముందు తేల్చు.

అఫ్సా మంగళగిరిలో టీచరు. ఆటలో వైద్యురాలు. ఆమెకీ ఏమీ తెలియదు. వాళ్ళకి తెలియకూడదు కూడా. తెలిసిన మనిషి మాట మారుతుంది, మారిన మాట కెప్టెన్ పసిగడతాడు.

మూడో చుక్క వెలిగింది. నీల. ఏమీ అనలేదు.

బతికే ఉంది. సుబ్బరత్నం నల్లపూసలు పట్టుకుని టైపు చేసింది.

'పొగమంచు కమ్మేసింది. ఒకరికొకరు కనపడటం లేదు. ఎవరెక్కడ పడ్డారో మీకే తెలియదు. చుట్టూ ఏం కనపడుతోందో, ఏం వినపడుతోందో ఒక్కొక్కరు చెప్పండి. చెప్పులు వేసుకుని నడవండి. ముళ్ళుంటాయి.'

వసీం: మంచేంటి గురూ? మనం కొండ మీద గదా ఉన్నాం.

'కొండ మీద మంచు పడదా?'

వసీం: పడుద్ది. సరే. నాకైతే బిర్యానీ వాసన వస్తోంది. అటే పోతున్నా.

'పోవద్దు. అడవిలో నీకోసం వండి పెట్టి కూర్చున్నవాళ్ళెవరు? తిన్నాక ఏమవుతావో ఆలోచించావా?'

అఫ్సా: అబ్బో, ఇవాళ మొదలే దడ పుట్టిస్తున్నావు.

నీల చుక్క పక్కన, ఏదో రాస్తోందని చూపే పెన్సిలు బొమ్మ కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

నీల: చెప్పులు వేసుకున్నాను.

ఆ పిల్లని ఈ పనిమీద పంపిన రోజునుంచీ కనపడ్డప్పుడల్లా సుబ్బరత్నం చెప్పే జాగ్రత్త అది. సూత్రధారి కుర్చీలో ఇప్పుడెవరు కూర్చున్నారో సింధూరికి తెలిసిపోయింది.

నీల: నా చుట్టూ నీళ్ళు. నీళ్ళలో రాక్షస చక్రాలు ఆగకుండా చిలుకుతున్నాయి. ఎదురుగా పెద్ద నది. ఒక తెప్ప మనుషుల్నీ బండ్లనీ మింగి అవతలి ఒడ్డున కక్కుతోంది. తెప్ప కూత నాకు వినపడుతోంది.

నీల రాసిందల్లా ఆమె మైకులోకి గుసగుసగా చదువుతోంది. దుద్దులో చీఫ్ గొంతు. "నీళ్ళలో చక్రాలు?"

"రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిప్పుతారు గదండీ" అంది సుబ్బరత్నం పెదవులు కదపకుండా. "ఆ తెప్ప పంటు. నాగాయలంక దగ్గర ఏటికి పంటు ఉంది. కూత వినపడుతోందంటే రేవు పక్కనే."

"అవనిగడ్డలో రెండు పోలీసు జీపులున్నాయి. బయల్దేరతాయి. ఆమెని మాట్లాడిస్తూ ఉండండి."

ఆమె మాట్లాడించింది. మంచు తీసేసి ముగ్గుర్నీ ఒక పాడుబడ్డ కోట గుమ్మంలో కలిపింది. వసీం తలుపు తన్నబోతే వెనక ఎవరున్నారో చూసుకోమంది. అఫ్సా బావిలో నీళ్ళు తాగబోతే ఆ నీళ్ళలో పక్షి ఈక కూడా లేదేమని అడిగింది. దిగులు పడటం ఆమెకి ఊపిరి తీసుకున్నంత తేలిక. ముప్పై ఏళ్ళుగా రాత్రిళ్ళు నిద్రపట్టక ఊహించుకున్న చావులన్నీ ఇప్పుడు వేళ్ళ కొసల్లోకి వచ్చాయి.

అప్పుడు నీల మళ్ళీ రాసింది.

నీల: సూత్రధారీ, నాకొక సందేహం. క్రిందటి నెల ఒక గుడ్డి ముసలమ్మ నా చెవిలో ఒక రహస్యం చెప్పినది. ఆ రహస్యమేమిటో దయచేసి తిరిగి చెప్పగలవా?

ఇది నీల రాత కాదు. సింధూరి ఎప్పుడూ దయచేసి అనదు. కీబోర్డు మీద ఇప్పుడు వేరే చెయ్యి ఉంది.

"ఏం చెప్పాడు పవన్?" అంది మైకులో.

"తెలియదు" అన్నాడు చీఫ్. "ఎవరికీ తెలియదు."

ఆలస్యమైన కొద్దీ అవతల ఆ పిల్ల మెడ మీద చెయ్యి బిగుసుకుంటుంది. వసీం ఏదో జోకు రాస్తున్నాడు. సుబ్బరత్నం భోజనాల వేళ పవన్ చెప్పిన కబుర్లన్నీ తిరగేసింది. ఏ ముసలమ్మా దొరకలేదు. దొరికింది వేరే మాట. 'సూత్రధారికి తెలియనిదంటూ ఉండదు పిన్నిగారూ. తెలియకపోతే డైస్ వేస్తాడు.'

'ఊరికే చెప్పనమ్మా. నెల క్రితం మాట నీకు గుర్తుందో లేదో డైస్ తేల్చాలి. వేస్తున్నాను. మూడు పడింది. ఇరవైకి మూడు. నీకేమీ గుర్తులేదు. ముసలమ్మ మొహం కూడా గుర్తులేదు.'

ఆమె దగ్గర డైస్ లేదు. పవన్ నోట వినడమే తప్ప ఆ వస్తువు ఎలా ఉంటుందో ఆమె చూడను కూడా చూడలేదు.

వసీం: మూడా. నీల పని ఔట్. గురూ డైసుకి జాలీ దయా లేవు.

అఫ్సా: మొన్న నాకూ ఇదే అన్యాయం. వైద్యురాలిని పట్టుకుని జ్వరం మందే మర్చిపోయావన్నాడు.

వాళ్ళకి తెలియకుండానే ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. పెన్సిలు బొమ్మ కదల్లేదు. కదల్లేదు. సుబ్బరత్నం మెట్టెల వేలు నేలకి అదిమిపెట్టి కూర్చుంది.

నీల: సరే, గుర్తులేదు. ముందుకి పదండి.

అది సింధూరి చెయ్యి.

కోట లోపల ఒక గది కట్టింది సుబ్బరత్నం. 'రాజుల సమాధి. వరసగా రాతి పెట్టెలు, లెక్కలేనన్ని. ఒకదాంట్లో నిధి లేదు, చావు ఉంది. ముట్టుకునేముందు ఆలోచించుకోండి.'

వసీం: నేను అన్నీ బద్దలుకొడతా.

నీల: ఆగు. దొంగని నేను, ముందు నన్ను చూడనీ. చూశాను. పెట్టెలన్నీ ఏడుస్తున్నాయి. ఒక్కటి ఏడవటం లేదు. దాన్ని ముట్టుకోవద్దు.

"ఏడవటమేంటి?" అన్నాడు చీఫ్.

సుబ్బరత్నం కళ్ళు మూసుకుంది. విజయవాడ స్టేషన్లో పార్సిల్ ప్లాట్‌ఫాం. ఎన్నిసార్లు అటు నడిచినా చీర కుచ్చిళ్ళు తడుస్తాయి. రొయ్యల పెట్టె అంటే కారుతూనే ఉండాలి.

"ఐసు నీళ్ళండీ. ఐసు పోసిన థర్మోకోల్ పెట్టె కింద తడి లేకుండా ఉంటుందా? వాళ్ళ సామానుకి తడి తగలకూడదని ఐసు పొయ్యలేదు. ఈ ఊరివాడైతే పైన ఒక చెంబెడు నీళ్ళన్నా గుమ్మరించేవాడు."

కూలీ వేషంలో ప్లాట్‌ఫాం మీద ఉన్న అష్ఫాక్ గొంతు కలిసింది. "చూశానమ్మా. కింది వరసలో ఒకటి ఎండుగా ఉంది. అడుగున చుక్క లేదు. పక్కనే ఎర్రచొక్కావాడు, చేతిలో సెల్లు, కళ్ళన్నీ దాని మీదే."

"పట్టుకోండి" అన్నాడు చీఫ్.

"వద్దండీ" అంది సుబ్బరత్నం. "జీపులు ఎక్కడున్నాయి?"

"నాగాయలంక చేరలేదు ఇంకా."

"మీరు పెట్టె మీద చెయ్యి వేస్తే ఎర్రచొక్కావాడు ఫోన్ చేస్తాడు. కెప్టెన్ పక్కకి తిరుగుతాడు. పక్కన ఆ పిల్ల ఉంది."

"రైల్లో వెయ్యి మంది ఉన్నారు సుబ్బరత్నం గారూ."

వెయ్యి మందిలో కూడా పిల్లలుంటారు. వాళ్ళకీ తల్లులుంటారు. ఒక బిడ్డ కోసం వెయ్యి మందిని పణం పెట్టమనడానికి ఆమెకి నోరు రాలేదు. వదిలెయ్యమనడానికీ రాలేదు.

అష్ఫాక్ మాట్లాడాడు. "సార్, పెట్టెని నేనే ఎక్కిస్తా. ఎక్కించి పార్సిల్ వ్యాన్‌లోనే ఉండిపోతా. వాడు బండి కదలడం చూస్తాడు, కదిలిందని ఫోన్ చేస్తాడు. వాడి మనసు నెమ్మదిస్తుంది. గుణదల దాటాక పక్కనే కాలువ, అందులోకి తోసేస్తా."

"లోపల టైము ఎంత పెట్టారో నీకు తెలియదు."

"తెలియదు సార్."

"సరే, కానియ్యి" అన్నాడు చీఫ్.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. బల్ల కింద యూపీఎస్ కుయ్‌కుయ్‌మంది. "కంగారు పడకండమ్మా, యూపీఎస్ కాసేపు వస్తుంది" అని బయటినుంచి శౌరమ్మ అరిచింది. ఎంతసేపో చెప్పలేదు.

చీకటి క్యాబిన్లో తెర ఒక్కటే వెలుగుతోంది. సుబ్బరత్నం మెడ మీద చెమట కారుతోంది. వసీమూ అఫ్సా సమాధుల మధ్య పోట్లాడుకుంటున్నారు. ఆమె వాళ్ళ మీదకి గబ్బిలాల్ని వదిలింది. నీల ఏమీ రాయటం లేదు.

"బండి కదిలింది" అన్నాడు చీఫ్. "ఎర్రచొక్కా ఫోన్లో ఉన్నాడు."

యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా పడుతోంది.

"జీపులు పంటు రేవులో ఉన్నాయి. ఇల్లు కనపడింది. లోపలికి వెళ్తున్నారు."

ఆమె వేళ్ళు పరుగెత్తాయి. 'నీలా, కప్పు పెళ్ళలు రాలుతున్నాయి. ఇప్పుడే కూలుతుంది. మూలకి వెళ్ళి నేల మీద బోర్లా పడుకో. ఎవరు పిలిచినా లేవొద్దు. ఏం చేస్తావు?'

వసీం: మాకేం కాదా గురూ?

'నీలా, ఏం చేస్తావు?'

నీల: పడుకున్నాను.

అంతే. ఆ చుక్క ఆరిపోయింది.

దుద్దులో అష్ఫాక్ ఆయాసం. రైలు చక్రాల మోత. "తలుపు దగ్గరున్నా. కాలువ కనపడుతోంది. లోపల చప్పుడు మారింది సార్." తర్వాత మోత తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక పెద్ద దెబ్బ, చెవి దుద్దు కాలినట్టైంది. సుబ్బరత్నం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"నీళ్ళలో పడ్డాకే పేలింది" అన్నాడు అష్ఫాక్, చాలా దూరంనుంచి మాట్లాడుతున్నట్టు. "మునిగీ మునగకముందే. అద్దాలు పగిలాయి. మనుషులకేం కాలేదు. నాకు ఒక చెవి వినపడటం లేదమ్మా."

"రెండోది ఉందిగా నాయనా" అంది ఆమె. ఏడుస్తోందని ఆమెకి అప్పుడే తెలిసింది. "నా పిల్లేది?"

కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. దుద్దులో చీఫ్ గొంతు వచ్చింది.

"దక్కింది. చెయ్యి విరిచాడు, అంతే. మంచం కింద బోర్లా పడుకుని ఉందట, పోలీసులు లేపినా లేవలేదట. కెప్టెన్ పంటు ఎక్కబోతూ దొరికాడు." ఆగాడు. "సుబ్బరత్నం గారూ, పవన్ సంగతి తేలింది. ఆవిడ చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం వాడే బండి వేసుకుని వెళ్ళాడట అటు. ఆ పిల్ల ఫొటో చూపించి రొయ్యల చెరువుల దగ్గర అడిగాడట. వాళ్ళ కళ్ళలో పడ్డాడు."

ఎవరన్నా వెళ్ళి ఒక్క చూపు చూసొస్తే అని శుక్రవారం నాడు ఎవరు అన్నారో చీఫ్ గుర్తు చెయ్యలేదు. ఆమెకి గుర్తు చెయ్యాల్సిన పని లేదు.

తెర మీద ఇద్దరూ ఇంకా ఉన్నారు.

వసీం: గురూ, నీల చచ్చిపోయిందా? చెప్పకుండా ఎక్కడికి పోయావు?

"కట్టేసి వచ్చెయ్యండి" అన్నాడు చీఫ్. "ఊరు మారాడని రేపు నేనేదో రాయిస్తాను."

సుబ్బరత్నం చెవి దుద్దు తీసి బల్ల మీద పెట్టింది.

'నీల బతికింది' అని రాసింది. 'మీ సూత్రధారి బతకలేదు. ఇవాళ పొద్దున బందరు రోడ్డు మీద లారీ గుద్దింది. ఇందాకటినుంచి రాస్తున్నది నేను. ఆయనతో పనిచేసేదాన్ని. ఆట ఆపకూడదని రాశాను, ఎందుకని అడగొద్దు. ఆయన పేరు పవన్‌కుమార్. మీకు పేరు కూడా తెలియదు గదా. నన్ను క్షమించండి.'

పెన్సిలు బొమ్మలు రెండూ కదలకుండా ఉండిపోయాయి. శౌరమ్మ వచ్చి తలుపు తట్టింది, ఇంకాసేపు ఉంటారా అని అడిగి వెళ్ళింది.

అఫ్సా: ఎన్నేళ్ళండీ ఆయనకి?

'ఇరవై నాలుగమ్మా.'

అఫ్సా: నేను అన్నా అంటున్నాను. నాకు ఇరవై ఏడు.

వసీం: ఆదివారం వస్తే ఆయన కోసమే కొట్టు కట్టేసేవాణ్ణండీ. మూడేళ్ళనుంచి. ఒక్కసారి కూడా చూళ్ళేదు. మనిషి ఎలా ఉండేవాడు? ఆరడుగులుంటానని చెప్పేవాడు.

సుబ్బరత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. షోరూంలో పై అరలో చీర తియ్యాలంటే స్టూలు ఎక్కేవాడు పవన్. కుర్చీలో కూర్చుంటే మడమలు నేలకి ఆనేవి కావు. పొద్దున దుప్పటి కప్పితే ఇంకా సగం దుప్పటి మిగిలిపోయింది.

పక్క క్యాబిన్లో ఎవరో వచ్చారు, మాట్లాడుకున్నారు, వెళ్ళిపోయారు. బయట శౌరమ్మ దీపం వెలిగించింది. అవతల ఇద్దరూ వెళ్ళిపోకుండా కూర్చునే ఉన్నారు. వాళ్ళ చుక్కలు పచ్చగానే ఉన్నాయి.

చాలాసేపటికి ఆమె రాసింది.

'నిజమే బాబూ. మా షాపు గుమ్మంలోకి తల వంచుకుని వచ్చేవాడు.'